గాలికి ధర, మిద్దెకు తగ్గింపు

ఆదోని దాటి ఆస్పరి వైపు సాగితే గుట్టల మీద కనిపించే గాలిమరల వెనుక ఇరవై ఏళ్ల ధరల చరిత్ర ఉంది. 1997 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సంప్రదాయేతర కరెంటును యూనిట్ రూ.2.25కు కొంటామని, ఆ ధరను ఏటా 5 శాతం పెంచుతామని జీవో ఇచ్చింది. తర్వాత ధర కట్టే పని విద్యుత్ నియంత్రణ మండలి చేతికి వచ్చింది. గాలి కరెంటుకు మండలి 2009లో రూ.3.50, 2012లో రూ.4.70 ఖరారు చేసింది. 2015 నిబంధనల కింద అది రూ.4.83కు చేరింది. పాతికేళ్లు అదే ధరకు డిస్కం కొంటుందన్న ఒప్పంద పత్రం చేతిలో ఉంటేనే బ్యాంకులు అప్పులిచ్చాయి. ఈ గుట్టల మీద గాలి కొత్తగా వచ్చిందేమీ కాదు, కొత్తగా వచ్చింది ఆ హామీయే.

గుట్టల కింది ఊళ్లలో మిద్దెలకు మాత్రం అలాంటి హామీ దక్కలేదు. 2015 సౌర విధానంలో మొత్తం కరెంటును అమ్ముకునే గ్రాస్ మీటరింగ్ కూడా ఉంది గానీ, ఇళ్లలో స్థిరపడింది నెట్ మీటరింగే. లైనుకెక్కిన యూనిట్లను వాడుకున్న యూనిట్లలోంచి తీసేసి బిల్లు వేస్తారు. చూడటానికి ఇది న్యాయంగానే ఉంటుంది. కానీ 2022 టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు రేటు రూ.1.90, 400 దాటిన వాడకానికి రూ.9.75. అంటే ఎమ్మిగనూరులో రెండు బల్బులు, ఒక ఫ్యానుతో నడిచే మగ్గం ఇంటి మిద్దె మీద పుట్టిన యూనిట్ ఆ ఇంటికి మిగిల్చేది రెండు రూపాయల లోపే. ఆదోనిలో మూడు ఏసీలున్న మేడకు అదే ఎండ అయిదింతలు మిగులుస్తుంది. ఇక మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయే కుటుంబాల సంగతి చూడండి. ఇంటికి తాళం, మీటరు కదలదు, మిద్దె మీద మాత్రం ఫిబ్రవరి, మార్చి నెలల నిండు ఎండ. బిల్లే లేని నెలల్లో బిల్లు తగ్గింపు ఆ ఇంటికి ఎందుకు? వాళ్లకు కావలసింది యూనిట్‌కు ఒక ధర.

ధర కడితే ఆ భారం చివరికి మిద్దె లేని పేదల బిల్లుల మీదే పడుతుందన్నది బలమైన అభ్యంతరం. 2017లో వేలాల్లో గాలి కరెంటు రూ.2.64కు దిగాక పాత ధరలు మోయలేనివిగా కనిపించిన మాటా నిజమే. 2019 జులైలో రాష్ట్ర ప్రభుత్వం జీవో 63తో పాత ఒప్పందాలను తిరగదోడబోయింది ఆ కారణం చెప్పే. కానీ 2015లో కొన్న మరకు 2015 ధరే పెట్టారు, అప్పూ ఆ లెక్కనే తెచ్చారు. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పంద ధరకే బకాయిలు చెల్లించమంది. జర్మనీ 2000 నాటి చట్టంలో ఈ చిక్కుకు దారి చూపింది. ఒకసారి చేరినవారికి ఇరవై ఏళ్లు ధర కదలదు, తర్వాత చేరేవారికి ఏటా తగ్గుతుంది. భారం అదుపులో ఉంటుంది, మాటా నిలుస్తుంది. కంపెనీలు మూడేళ్లు కోర్టుల్లో పోరాడగలిగాయి. రెండు కిలోవాట్ల మిద్దెకు ఆ శక్తి ఎక్కడిది? అందుకే స్థిరమైన ధర అవసరం కంపెనీకన్నా ఆ ఇంటికే ఎక్కువ.

2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం పలకలు కొనడానికి రూ.78,000 దాకా సబ్సిడీ ఇస్తోంది. అది మొదటి రోజు ఖర్చును తీరుస్తుంది, యూనిట్ విలువను మార్చదు. నెలకు 75 యూనిట్లలోపు వాడే ఇళ్ల సౌర కరెంటుకు మండలి విడిగా ఒక ధర కట్టి, ఒప్పందంలో రాసివ్వాలి. గాలిమరలకు ఆ పని చేసిన అనుభవం దానికి ఇప్పటికే ఉంది.