జనపనార నుండి చొక్కా వరకు

1971లో స్వతంత్రమైన నాటి బంగ్లాదేశమునకు విదేశద్రవ్యము నార్జించి పెట్టు సరకు ముఖ్యముగా జనపనార. నేడు ఆ దేశపు ఎగుమతుల రాబడిలో నూటికి ఎనుబది పాళ్లకు పైగా కుట్టిన దుస్తులవలననే లభించుచున్నది. ఇందులకు కూలి చౌకయగుటయే కారణమని సామాన్యముగా చెప్పుదురు. కాని అంతకుముందును అచట కూలి చౌకయే కదా!

ధనికదేశములు తమ మిల్లులను కాపాడుకొనుటకై 1974లో వస్త్రముల దిగుమతులకు కోటాలు విధింపగా, వాని బాధ లేని దేశమును వెదకుకొనుచు వచ్చిన కొరియా సంస్థ దేవూ, 1978లో నూరుల్ కాదిర్ గారి దేశ్ గార్మెంట్స్‌తో ఒప్పందము చేసికొని, మరుసటి యేట ఆ సంస్థకు చెందిన 130 మందిని పూసాన్‌లోని తన కర్మాగారమునకు రప్పించి, ఆరు మాసములు పని నేర్పెను. తిరిగివచ్చిన వారిలో 115 మంది కొలది యేండ్లలోనే దేశ్‌ను విడిచి, కొందరు సొంత కంపెనీలు పెట్టియు, కొందరు క్రొత్తవానిలో చేరియు, ఆ విద్యను దేశమంతట వెదజల్లిరి. విదేశీ కొనుగోలుదారు తెరచిన ఎల్.సి. (బ్యాంకు ఇచ్చు చెల్లింపు హామీపత్రము) పూచీపై గుడ్డను అరువు తెచ్చుకొను ‘బ్యాక్ టు బ్యాక్’ పద్ధతియు, సుంకము కట్టకయే ఆ గుడ్డను బాండెడ్ గిడ్డంగిలో నిలువచేసికొను వెసులుబాటును లేకున్నచో, చేత పెట్టుబడి లేని ఆ తరము యజమానులు నిలద్రొక్కుకొనుట దుర్ఘటమే.

పల్లెలనుండి వచ్చి హెల్పరుగా చేరిన పిల్ల, దారపు కొసలు కత్తిరించుచునే ప్రక్క మిషను పనిని కనిపెట్టి ఆపరేటరగును. కాలరు కుట్టునామె దినమెల్ల కాలరే కుట్టునుగాని చొక్కా అంతయు కుట్ట నేర్వదు. అయినను నెల తిరుగునప్పటికి చేతికందు ఆ జీతమే గృహమున ఆమె మాటకు విలువ తెచ్చినది. ఫ్యాక్టరీలకు సమీపమునగల గ్రామములలో బాలికలు బడిలో మరికొన్ని యేండ్లు నిలిచిరి, వారి వివాహములును వెనుకకు జరిగినవి. ఈ లాభమును కాదనుట అన్యాయము. ఇది యజమానుల ఔదార్యమనుట అంతకుమించిన అన్యాయము. ఏలయన 1994లో నిర్ణయించిన 930 టాకాల కనీస నెలజీతము, ధరలు పెరిగినను, ఎగుమతులు ఇబ్బడిముబ్బడియైనను, 2006లో కార్మికులు వీథికెక్కువరకు ఒక్క టాకాయైన కదలలేదు. కదలిన పిమ్మటను 1,662 టాకాల 50 పైసలకే ఆగెను.

2013 ఏప్రిల్ 23న సావర్‌లో దుస్తుల కర్మాగారములున్న రాణా ప్లాజా అను భవనపు గోడలు బీటలువారగా, క్రింది అంతస్తులోని బ్యాంకువారు తమ ఉద్యోగులను రావలదనిరి. పై అంతస్తుల కుట్టుపనివారిని మాత్రము వారి యజమానులు మరునాడు లోనికి పంపిరి. ఆ ఉదయమే భవనము కూలి 1,100 మందికి పైగా మరణించిరి. అనంతరము, ఆ సంవత్సరాంతముననే, కనీస వేతనము అప్పటికున్న 3,000 నుండి 5,300 టాకాలకును, 2018లో 8,000కును పెరిగెను. 2023లో కార్మికులు 23,000 కోరగా ప్రభుత్వము నిర్ణయించినది 12,500.