నలభై ఎకరాల మాట

1865 జనవరి 12 రాత్రి, జార్జియా రాష్ట్రంలోని సవానా పట్టణంలో ఇరవైమంది నల్లజాతి మతబోధకులు ఉత్తరాది సేనాని విలియం షెర్మన్‌ను, యుద్ధమంత్రి ఎడ్విన్ స్టాంటన్‌ను కలుసుకున్నారు. అమెరికా అంతర్యుద్ధం అప్పటికింకా ముగియలేదు. బోధకుల తరఫున మాట్లాడినవాడు గారిసన్ ఫ్రేజియర్ అనే అరవైయేడేళ్ళ వృద్ధుడు. ఎనిమిదేళ్ళ క్రితం వెయ్యి డాలర్ల విలువైన వెండి బంగారాలు చెల్లించి, తననూ తన భార్యనూ యజమాని నుంచి కొనుక్కున్నవాడు. మీవాళ్ళు తమను తాము ఎలా పోషించుకోగలరని స్టాంటన్ అడిగాడు. ఆ ప్రశ్నకు ఫ్రేజియర్ ఇచ్చిన జవాబులో ఓటు లేదు, బడి లేదు. భూమి కావాలన్నాడు. దాన్ని తమ చేతులతోనే దున్నుకుంటామనీ, కొనుక్కునే స్తోమత వచ్చేదాకా అలాగే సాగు చేసుకుంటామనీ చెప్పాడు.

అంతర్యుద్ధానంతర అమెరికా చరిత్రను ఈ జవాబు నుంచి మొదలుపెట్టి చదివితే ఒక విధంగా కనిపిస్తుంది, రాజ్యాంగ సవరణల నుంచి మొదలుపెట్టి చదివితే మరొక విధంగా కనిపిస్తుంది. పాఠ్యపుస్తకాలు సాధారణంగా రెండో దారినే పడతాయి.

ఆ సమావేశం జరిగిన నాలుగు రోజులకు షెర్మన్ 15వ నంబరు ప్రత్యేక ఉత్తర్వు జారీ చేశాడు. చార్ల్స్‌టన్‌కు దక్షిణాన ఉన్న దీవులూ, ఫ్లోరిడాలోని సెయింట్ జాన్స్ నది దాకా తీరం వెంబడి యజమానులు వదిలిపెట్టి పారిపోయిన వరిపొలాలూ విముక్తులైన బానిసలకు కేటాయించాలని దాని సారాంశం. కుటుంబానికి నలభై ఎకరాలకు మించకూడదు. షెర్మన్ బానిసత్వ నిర్మూలనవాది కాడు. తన సేన వెంట వేల సంఖ్యలో నడిచివస్తున్న శరణార్థుల భారం దించుకోవడమే అతని తక్షణావసరం. ఆ నలభై ఎకరాలతోపాటు జనశ్రుతిలో నిలిచిపోయిన కంచరగాడిద కూడా ఉత్తర్వులో లేదు. సైన్యం దగ్గర మిగిలిన పశువులు కొన్ని తర్వాత వాళ్ళకు అందాయి. ఏమైనా జూన్ నాటికి దాదాపు 40,000 మంది 4 లక్షల ఎకరాల్లో స్థిరపడ్డారు. ఆ మళ్ళకు గట్లు వేసినదీ, ఆటుపోట్ల నీటిని తూములతో అదుపులో పెట్టినదీ వాళ్ళ తాతముత్తాతలే. ఆ నేల వాళ్ళకు కొత్త కాదు, దాని మీద హక్కు మాత్రమే కొత్త.

చిక్కంతా ఆ హక్కులోనే ఉంది. వాళ్ళకు దక్కినది పట్టా కాదు, సైన్యం రాసిచ్చిన అనుభవపత్రం. ఏప్రిల్‌లో లింకన్ హత్యకు గురయ్యాడు. అధ్యక్షపీఠమెక్కిన ఆండ్రూ జాన్సన్ బీద కుటుంబంలో పుట్టి దర్జీపనితో పైకి వచ్చినవాడు, తోటల యజమానులను బాహాటంగా ద్వేషించినవాడు. ఆ ద్వేషం నల్లవాళ్ళ పట్ల సానుభూతిగా మారలేదు. మే 29న అతడు ప్రకటించిన క్షమాభిక్ష ప్రకారం విధేయతా ప్రమాణం చేసిన తిరుగుబాటుదారులకు, బానిసలు మినహా, ఆస్తులన్నీ తిరిగి దక్కుతాయి. 20,000 డాలర్లకు మించి ఆస్తి ఉన్నవారు మాత్రం విడిగా అర్జీ పెట్టుకోవాలి. అర్జీలు వెల్లువెత్తాయి, జాన్సన్ ఉదారంగా క్షమించాడు.

ఈ వార్త దీవులకు మోసుకుపోయే పని జనరల్ ఆలివర్ హొవర్డ్ మీద పడింది. విముక్తుల సంక్షేమానికి ఏర్పడిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరోకు అతడే అధిపతి. భూములు వాళ్ళకే ఉంచాలని ప్రయత్నించి అధ్యక్షుడి చేతిలో ఓడినవాడు. అక్టోబరులో దక్షిణ కరోలినాలోని ఎడిస్టో దీవిలో, క్రిక్కిరిసిన చర్చిలో నిలబడి, పాత యజమానులతో రాజీపడి కూలికి ఒప్పుకొమ్మని చెప్పవలసి వచ్చింది. సభలో అలజడి రేగింది. ఒక స్త్రీ విషాదగీతం ఎత్తుకోగా సభ మొత్తం గొంతు కలిపిందని అతడే తర్వాత రాసుకున్నాడు.

దీవివాసులు పాటతో ఊరుకోలేదు. హెన్రీ బ్రామ్, ఇష్మాయిల్ మౌల్ట్రీ, యేట్స్ సాంప్సన్ అనే ముగ్గురితో సంఘం ఏర్పరచుకుని హొవర్డ్‌కూ, అధ్యక్షుడికీ లేఖలు పంపారు. హొవర్డ్ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నవాడు. యుద్ధంలో చెయ్యి పోయిన మీరు వాళ్ళను క్షమించగలరేమో. కానీ చెట్టుకు కట్టి ముప్పైతొమ్మిది కొరడాదెబ్బలు కొట్టినవాణ్ణి, తల్లినీ తోబుట్టువునూ వివస్త్రలను చేసి కొట్టినవాణ్ణి ఎలా క్షమించాలన్నది ఆ లేఖ సారం. ఆ యుగం మిగిల్చిన పత్రాల్లో ఇంత సూటిగా మాట్లాడేవి అరుదు. 1866 ముగిసేసరికి ఆ భూముల్లో అత్యధికభాగం పాత యజమానుల చేతికి తిరిగి వెళ్ళిపోయింది.

దీనికి విరుగుడు సూచించినవారు లేకపోలేదు. పెద్ద భూస్వాములు 70,000 మంది నుంచి 39 కోట్ల ఎకరాలకు పైగా స్వాధీనం చేసుకుని, విముక్తుల్లో వయోజనుడికి నలభై ఎకరాల చొప్పున పంచాలని పెన్సిల్వేనియా ప్రతినిధి థాడియస్ స్టీవెన్స్ ప్రతిపాదించాడు. కాంగ్రెసు ఒప్పుకోలేదు. మనిషి మనిషికి ఆస్తి కారాదని ప్రాణాలొడ్డిన పార్టీలోనే చాలామందికి మిగతా ఆస్తి పవిత్రమైనది.

ఆ కాంగ్రెసు చేసినది తక్కువని మాత్రం అనలేం. మిసిసిపీ వంటి రాష్ట్రాలు 1865లోనే నల్లచట్టాలు తెచ్చాయి. పట్టణాల వెలుపల నల్లవాళ్ళు భూమి కౌలుకు తీసుకోవడం కూడా అక్కడ నేరమైంది. జవాబుగా 1866 పౌరహక్కుల చట్టం అధ్యక్షుడి వీటోను తోసిరాజని నెగ్గింది. 1868లో 14వ సవరణ పౌరసత్వాన్నీ సమాన రక్షణనూ, 1870లో 15వ సవరణ జాతిభేదం లేని ఓటునూ ఇచ్చాయి. అంతకుముందు 1867లోనే దక్షిణాదిలో 7 లక్షలకు పైగా నల్లజాతి పురుషులు ఓటర్లుగా నమోదయ్యారు. 1862లో కాన్ఫెడరేట్ నౌక ‘ప్లాంటర్’ను చార్ల్స్‌టన్ రేవు నుంచి తుపాకుల కళ్ళుగప్పి నడుపుకొచ్చిన బానిస రాబర్ట్ స్మాల్స్, తన పాత యజమాని ఇంటినే కొనుక్కుని, శాసనసభకూ ఆపై కాంగ్రెసుకూ వెళ్ళాడు. దక్షిణ కరోలినా ప్రభుత్వం 1869లో భూసంఘం నెలకొల్పి, భూములు కొని వాయిదాల మీద విముక్తులకు అమ్మింది. ఆ పని చేసిన రాష్ట్రం అదొక్కటే.

తక్కినచోట్ల మిగిలినది కోరు సేద్యం. భూమి దొరది, కష్టం రైతుది, పంటలో సగం దొరకు కొలవాలి. విత్తనానికీ, తిండిగింజలకూ దుకాణదారు దగ్గర అప్పు. ఆ అప్పుకు రాబోయే పత్తిపంటే తాకట్టు. లెక్కలు చూసేది దొర, చదువురానివాడు రైతు. తెలుగునాట పల్లె ఎరిగిన పాఠకులకు ఇంతకుమించి వివరించనక్కరలేదు. ఓటు వేయడానికి వెళ్ళే మనిషి నివసించే గుడిసె ఎదుటిపక్షం వాడిదైనప్పుడు ఆ ఓటు ఎంతవరకు స్వతంత్రం?

అలాగని భూమి ఒక్కటే అన్నిటినీ కాపాడేదనడం కూడా తొందరపాటే. 1873 ఏప్రిల్ 13న, ఈస్టర్ ఆదివారం, లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో న్యాయస్థానభవనాన్ని కాపాడుతున్న నల్లవాళ్ళ మీద సాయుధ శ్వేతదళం విరుచుకుపడింది. లొంగిపోయినవారిని సైతం కాల్చి చంపింది. మృతుల సంఖ్య 60కి తక్కువ కాదు, 150 దాకా చెప్పినవారున్నారు. జ్యోతిరావు ఫూలే ‘గులాంగిరి’ వెలువడినది ఆ ఏడాదే. నీగ్రోల దాస్యవిమోచన కోసం త్యాగం చేసిన అమెరికా సజ్జనులకు దాన్ని ఆయన అంకితమిచ్చాడు. ఆ సజ్జనుల ఉత్సాహం అప్పటికే సన్నగిల్లుతోందని పుణేలో కూర్చున్న ఆయనకు తెలిసే వీలు లేదు.

కోల్‌ఫాక్స్ హంతకుల్లో కొందరికి పడిన శిక్షలను 1876లో సుప్రీంకోర్టు క్రూక్‌షాంక్ తీర్పుతో కొట్టివేసింది. 14వ సవరణ రాష్ట్రప్రభుత్వాలను కట్టడి చేస్తుందే తప్ప వ్యక్తులను కాదని న్యాయమూర్తుల వాదన. సవరణలోని ఒక్క అక్షరమూ మారలేదు, అది కాపాడవలసిన మనిషికి మాత్రం దిక్కులేకుండా పోయింది. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నిక వివాదంలో పడి, హేస్ గెలిచినట్టు తేలాక, 1877 ఏప్రిల్‌లో లూసియానా, దక్షిణ కరోలినా శాసనసభా భవనాల కాపలా సైనికులు బ్యారక్‌లకు మరలిపోయారు. 1890లో మిసిసిపీ కొత్త రాజ్యాంగం రాసుకుంది. అందులో జాతి మాట ఎత్తకుండానే, తలపన్నుతో, అక్షరాస్యతా పరీక్షతో నల్లవాళ్ళ ఓటును తుడిచిపెట్టింది.

తర్వాతి యుద్ధం గ్రంథాలయాల్లో జరిగింది. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం డన్నింగ్, అతని శిష్యులు ఆ పన్నెండేళ్ళను అనర్హులకు అధికారమిచ్చిన అవినీతి యుగంగా చిత్రించారు; రెండు తరాల విద్యార్థులు అదే చదువుకున్నారు. 1935లో డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ ‘బ్లాక్ రికన్‌స్ట్రక్షన్’ ప్రచురించి, ఆ కథను తలకిందులు చేశాడు. బానిసలను కథాకర్తలుగా నిలిపి, భూమినీ శ్రమనూ చర్చకు కేంద్రం చేశాడు. చివరి అధ్యాయంలో తోటి చరిత్రకారులను పేరుపేరునా నిలదీశాడు. 1988లో ఎరిక్ ఫోనర్ తన బృహద్గ్రంథంలో ఆ వాదానికి పత్రాల ఆధారాలు మరెన్నో చేర్చి, ఆ యుగాన్ని అసంపూర్ణ విప్లవమన్నాడు. నేటి విద్యార్థులు మొదట తెరిచేది ఆ పుస్తకాన్నే. డుబోయిస్ గ్రంథం వెలువడిన రోజుల్లో అమెరికన్ చరిత్రకారుల ప్రధాన పత్రిక ‘అమెరికన్ హిస్టారికల్ రివ్యూ’ దాని మీద ఒక్క సమీక్ష కూడా అచ్చువేయలేదు.