బేగంపేటలోని పనిబల్ల

సగము చేసిన పనులు నాలుగైదు ఒకే బల్లపై పడియుండుట మన ఇండ్లలోను, బడి ప్రయోగశాలలలోను నిత్యము చూచునదే. దేనిని ఎక్కడ వదలితిమో జ్ఞాపకముండదు. పేరుచీటీ ఊడిపోయిన సీసాను పారవేయలేము, వాడుకొనను లేము. సికింద్రాబాదులో 1897లో ఇట్టి బల్ల యొకటి ఉండెను.

ఆ సంవత్సరము జూనులో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ ఇచ్చటికి తిరిగివచ్చెను. మలేరియా పరాన్నజీవి దోమలో ఏమగునో కనుగొనుటకు 1895లో ఇక్కడనే పని మొదలిడగా, బెంగుళూరు బదిలీ, కలరా విధులు దానిని తెగగొట్టినవి. బూడిదరంగు దోమలను, చారల దోమలను ఎన్నిటినో కోసి చూచెను, ఫలము సున్న.

బేగంపేట ఆసుపత్రి గదిలో ఉక్క భరింపరానిది. పంకా లాగించినచో కోసిన దోమలు ఎగిరిపోవును. కనుక పంకా లేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టెను. మిగిలిన ఒక్క అక్షికటకము బీటవారెను. చూడ ముచ్చటయైన బల్ల కాదది! అయినను ఏ దోమ ఏ రకమో, రక్తము ఎన్నడు త్రాగెనో రాస్ పుస్తకములో వ్రాసియుండెను.

ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు కొన్ని, డింభకములనుండి పెంచినవి, చేతికి వచ్చెను. వాని పేరు రాసునకు తెలియదు. మనము అనాఫిలిస్ అందుము. సీసాలలో పుట్టినవగుటచే అవి అంతకుముందు ఎవరిని కుట్టలేదనుట నిశ్చయము. 16వ తేదీన హుసేన్ ఖాన్ అను రోగిని వానిచే కుట్టించిరి. దోమకొక అణా అతనికి ముట్టెను. 20వ తేదీకి రెండే మిగిలెను.

ఆనాడు ఇతర దోమల పని ముగియునప్పటికి సాయంత్రమాయెను, కన్నులు అలసెను. అయినను ఒకదానిని కోసి కడుపుగోడను మూలమూలల వెదకగా, నల్లని వర్ణద్రవ్యపు రేణువులుగల గుండ్రని కణములు కనబడెను. మలేరియా పరాన్నజీవియందుండు రేణువులవంటివే అవి. వేయి దోమల కడుపులు చూచినవాడగుటచే, ఇట్టి కణములు దోమకు సహజములు కావని గ్రహించెను. వట్టిపోయిన రెండేండ్ల శ్రమ ఇచ్చట అక్కరకు వచ్చినది. మరునాడు చివరి దోమను కోసెను. అందును అవే కణములు, కాని మరింత పెద్దవి.

ఒకటి రక్తము త్రాగి నాలుగు దినములు, రెండవది అయిదు. ఈ లెక్క లేకున్న అవి చిన్న కణములు, పెద్ద కణములు, అంతే. లెక్క ఉండుటచే, దోమలో పరాన్నజీవి పెరుగుచున్నదని తేలెను. ఇది కేవలము అదృష్టమని అనువారు కలరు. మచ్చల రెక్కల దోమ దొరకుట అదృష్టమే కాని, తేదీ వ్రాసియుంచుట అదృష్టమా?

సెప్టెంబరులో మరల బదిలీ, ఈసారి రాజపుటానాలోని ఖేర్వారాకు. పని మరల నిలిచెను. డిసెంబరు 18న ఆ రెండు దోమలనుగూర్చిన వ్యాసము బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడెను. 1898లో కలకత్తాలో, మనుష్యుల మలేరియాకు బదులు పక్షుల మలేరియాతో, రాస్ తెగిన దారమును అందుకొని, జూలైలో పరాన్నజీవి దోమ లాలాజలగ్రంథులకు చేరుటను చూచెను. మనుష్యుల విషయమున మిగిలిన భాగమును అదే సంవత్సరము ఇటలీ శాస్త్రజ్ఞులు చూపిరి. 1902లో రాసునకు నోబెల్ బహుమానము లభించెను. బేగంపేటలోని ఆ భవనము నేటికిని అతని పేరనే ఉన్నది.