ఆటిజం ధ్రువపత్రానికి గడువు ఎందుకు? ఒక కాగితం వెనుక ఉన్న చరిత్ర

పటాన్‌చెరు మండలంలోని చిట్కుల్, ఇస్నాపూర్, పాశమైలారం ప్రాంతాల తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "సారూ, ఆటిజం జీవితాంతం ఉంటదని మీ డాక్టర్లే చెప్తరు. మరి సదరం సర్టిఫికెట్ మీద తారీఖు ఎందుకు ఏస్తరు? మళ్ల మళ్ల ఎందుకు చూపించుకోవాలె?" ఈ ప్రశ్నకు ఒక్క వాక్యంలో సమాధానం చెప్పవచ్చును గాని, అది వారికి తృప్తినివ్వదు. ఆ తారీఖు ఎవరో గుమస్తా వేసినది కాదు. దాని వెనుక నూరేళ్ల చరిత్ర ఉన్నది. పాఠకులు కొంచెం ఓపికతో చదువగలరని మనవి.

మనిషి లోపాన్ని శాతాలలో కొలవడం మన దేశపు చట్టంలోకి ప్రధానంగా కర్మాగారాల ద్వారా వచ్చినది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టానికి చివర ఒక పట్టిక ఉన్నది. బొటనవేలు పోతే 30 శాతం, ఒక కన్ను పోయి రెండవది బాగుంటే 40 శాతం, రెండు చేతులూ పోతే 100 శాతం అని అందులో సంపాదనా శక్తి నష్టాన్ని లెక్కగట్టినారు. పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో పనిచేసిన వారికి ఈ పట్టిక కొత్త కాదు. ప్రెస్ మిషన్‌లో వేలు పోగొట్టుకున్న కార్మికుని చేయి చూసి, ఆ పట్టిక చూసి, అంకె వేయడం మా వంటి ప్రభుత్వ వైద్యులకు నిత్యకృత్యం. ఆ పని సులువు. పోయిన వేలు మళ్లీ మొలవదు. ఉదయం చూసినా సాయంత్రం చూసినా అంకె మారదు. తరువాత వచ్చిన వికలాంగుల ధ్రువపత్రం కూడ ఈ అచ్చులోనే తయారైనది. కాలు, కన్ను, చెవి దాని మనసులో ఉన్నాయి. మాటకు పలుకని, కళ్లలోకి చూడని, ఫ్యాను తిరగడాన్నే గంటల తరబడి చూసే పిల్లవాడు దాని మనసులో లేడు.

ఉండే అవకాశమూ లేదు. 1923 నాటికి ఆ పిల్లవానికి వైద్యంలో పేరే లేదు. "ఆటిజం" అనే మాటను స్విట్జర్లండ్ వైద్యుడు బ్లూలర్ 1911 ప్రాంతంలో వాడినాడు గాని, పెద్దవారిలో వచ్చే స్కిజోఫ్రీనియా లక్షణాన్ని చెప్పడానికి వాడినాడు. పిల్లలలో దీనిని ప్రత్యేక స్థితిగా వర్ణించినది 1943లో, అమెరికాలోని లియో కానర్. ఆయన పదకొండు మంది పిల్లలను గురించి వ్రాసినాడు. ఎనిమిది మంది బాలురు, ముగ్గురు బాలికలు. అందులో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్ అనే మిసిసిపీ బాలుడు. ఆ పదకొండు మంది పెద్దయ్యాక ఏమైనారో కానర్ 1971లో మళ్లీ వ్రాసినాడు. డొనాల్డ్ బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాడు. సంస్థల నాలుగు గోడల మధ్య జీవితం గడిపినవారూ వారిలో ఉన్నారు. డొనాల్డ్ 2023లో, 89 ఏళ్ల వయసులో మరణించినాడు. అప్పటికీ ఆయన ఆటిజం ఉన్న మనిషే. ఈ సంగతిని గుర్తుంచుకోండి. స్థితి జీవితాంతం ఉంటుంది, దాని తీవ్రత, దాని రూపం మారుతూ ఉంటాయి. తారీఖు వేయాలా వద్దా అన్న పేచీ అంతా ఈ రెండు మాటల మధ్యనే ఉన్నది.

మధ్యలో ఒక చీకటి అధ్యాయం కూడ నడిచినది. తల్లి ప్రేమ చూపకపోవడం వలన పిల్లలు ఇట్లా అవుతారని 1950, 60 దశకాలలో పెద్ద పెద్దవారే నమ్మినారు. బ్రూనో బెటెల్‌హైమ్ ఆ వాదానికి విస్తృత ప్రచారం కల్పించినాడు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వవేత్త, తానే ఒక ఆటిజం బాలుని తండ్రి, ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించినదని పుస్తకం వ్రాసి ఆ వాదాన్ని దెబ్బతీసినాడు. 1980లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణలో ఆటిజానికి సొంత స్థానం దొరికినది. అమెరికాలో ఆ నింద పోయి యాభై ఏళ్లు దాటినా, మన ఊళ్లలో అత్తగారి నోట అది ఇంకా వినబడుతూనే ఉన్నదని నాకు తెలుసు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు తిన్నదీ, ఫోను చూపించినదీ కారణాలుగా చెప్పేవారిని నమ్మకండి.

ఇక మన దేశానికి వద్దాము. 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వం బుద్ధిమాంద్యుల జాతీయ సంస్థను నెలకొల్పినది. నేటి పేరు వేరు. తెలుగువారికి అది ఇంటి ముంగిటి సంస్థ. అయితే 1995లో వికలాంగుల చట్టం వచ్చినప్పుడు అందులో పేర్కొన్న వైకల్యాలు ఏడు: అంధత్వం, అల్పదృష్టి, కుష్ఠు నయమైనవారు, వినికిడి లోపం, చలన వైకల్యం, బుద్ధిమాంద్యం, మానసిక వ్యాధి. ఆటిజం లేదు. అప్పుడు బోర్డు ముందుకు వచ్చిన ఆటిజం పిల్లవానికి వైద్యులు ఏమి వ్రాయాలి? ఐక్యూ పరీక్ష చేయించి, బుద్ధిమాంద్యం అని వ్రాసేవారు. 2001 నాటి మార్గదర్శకాల ప్రకారం ఐక్యూ 50 నుంచి 69 మధ్య ఉంటే 50 శాతం, 35 నుంచి 49 అయితే 75 శాతం. ఐక్యూ 70 దాటిన పిల్లవాడు, ఒక్క మాట మాట్లాడకపోయినా, బడిలో ఒక్కరోజు నిలువలేకపోయినా, ఆ చట్టం దృష్టిలో వికలాంగుడు కాడు. లోపం పిల్లవానిలో కంటె కొలబద్దలో ఎక్కువగా ఉన్నది.

1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం పేరులోనే ఆటిజం ఉన్నది. బుద్ధిమాంద్యం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలతో బాటు ఆటిజాన్ని చట్టం గుర్తించినది అప్పుడే. సంరక్షకుల నియామకానికి, తరువాత నిరామయ ఆరోగ్య బీమాకు అది దారి చూపినది. ఇంత జరిగినా శాతం వేయడానికి కొలబద్ద లేదు. కొలబద్ద లేనప్పుడు పింఛనుకు దారి లేదు.

ఆ కొలబద్దను తయారు చేసినది మన మనోవికాస్ నగర్ సంస్థే. 2009లో వెలువడిన ఆ భారతీయ ఆటిజం మాపనాన్ని ఐసా అంటారు. ఇందులో 40 అంశాలు, ఆరు విభాగాలు ఉన్నాయి: ఇతరులతో కలవడం, భావాల స్పందన, మాట, ప్రవర్తన, ఇంద్రియ స్పందనలు, గ్రహణశక్తి. ఒక్కొక్క అంశానికి 1 నుంచి 5 వరకు మార్కులు. ఆ ప్రవర్తన ఎంత తరచుగా కనిపిస్తుందన్నదే మార్కుకు ఆధారం. కనిష్ఠం 40, గరిష్ఠం 200. 2016 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ధ్రువీకరణకు దీనిని ప్రకటించినది. 70 మార్కులు వస్తే 40 శాతం. 71 నుంచి 88 వరకు 50. 89 నుంచి 105 వరకు 60. 106 నుంచి 123 వరకు 70. 124 నుంచి 140 వరకు 80. ఆపైన 90, 100.

తల్లిదండ్రుల భయానికి మందు ఈ పట్టికలోనే కొంత ఉన్నది కనుక ఇక్కడ ఆగుతాను. ఒక తల్లి నాతో అన్న మాట ఇది: "స్పీచ్ థెరపీకి పోతున్నం సారూ, ఇప్పుడు నీళ్లు గావాలంటే 'నీళ్లు' అంటుండు. సంతోషపడాల్నా, శాతం తగ్గి పింఛను పోతదని భయపడాల్నా?" ఇంతకంటె దుఃఖకరమైన ప్రశ్న నా వృత్తిజీవితంలో ఎక్కువగా వినలేదు. పిల్లవాని మొదటి మాటను కూడ నష్టంగా లెక్కపెట్టుకోవలసిన స్థితి ఆమెది. ఆమెకు నేను పట్టిక చూపించినాను. మొదటిసారి 112 వచ్చిన బిడ్డకు ఈసారి 97 వచ్చినదనుకోండి. శాతం 70 నుంచి 60కి దిగుతుంది. పింఛనుకు కావలసినది 40. పదిహేను మార్కుల మెరుగుదల చాలా పెద్ద మెరుగుదల, అయినా పింఛను కదలదు. భయపడవలసినది అంచున ఉన్నవారు: 70కి కొంచెం పైన ఉన్నవారు, 80 శాతం గీత మీద ఉండి ఆ గీతతో ముడిపడిన ప్రయోజనాలు పొందుతున్నవారు. కనుక మొదట మీ బిడ్డ పాత నివేదికలో మార్కులు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. శాతం మాత్రమే తెలిసి మార్కులు తెలియని తల్లిదండ్రులే ఎక్కువ.

బిడ్డ ఆ రోజున బోర్డు ముందు నెమ్మదిగా కూర్చుంటే ఏమవుతుందన్నది రెండవ భయం. ఐసా పరీక్ష చూపుతో మాత్రమే జరుగదు. తల్లిదండ్రులను అడిగి తెలుసుకోవడం అందులో విధిగా ఉన్నది. అడిగేది "ఉన్నదా లేదా" అని కాదు, "ఎంత తరచుగా" అని. వారానికి ఎన్నిసార్లు, ఎంత సేపు, ఎప్పుడెప్పుడు అన్నది ఇంటి వద్దనే ఒక నోటుపుస్తకంలో నెల రోజులు వ్రాసి తీసుకుపోండి. బడి టీచరు, థెరపిస్టు ఇచ్చిన కాగితాలు, ఫోనులో తీసిన రెండు మూడు చిన్న వీడియోలు జతచేయండి. బిడ్డను ముందురోజు నిద్ర లేకుండ ఉంచి, చికాకు పుట్టించి తీసుకురమ్మని సలహా ఇచ్చేవారు కొందరున్నారు. అది బిడ్డకు హింస. అనుభవమున్న సైకాలజిస్టు దానిని పసిగట్టగలడు కూడ.

2016 డిసెంబరులో వికలాంగుల హక్కుల చట్టం ఆమోదం పొంది, 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చినది. వైకల్యాలు ఏడు నుంచి ఇరవై ఒకటైనాయి. ఆటిజం స్వంత పేరుతో చేరినది. స్థితి మారే అవకాశం లేనప్పుడు శాశ్వత ధ్రువపత్రం, మారే అవకాశం ఉన్నప్పుడు గడువుతో కూడిన ధ్రువపత్రం ఇవ్వాలని నిబంధనలు చెప్పినాయి. 18 ఏళ్లలోపు పిల్లలకు తాత్కాలికమైతే ఐదేళ్ల గడువు అని ఆటిజం మార్గదర్శకాలు అంతకుముందే పేర్కొన్నాయి. మీ కాగితం మీద తారీఖు అక్కడి నుంచి వచ్చినది.

ఇది న్యాయమేనా? నా అభిప్రాయం చెప్పుతాను. ఐదేళ్లలోపు బిడ్డ విషయంలో గడువు అవసరమే. మూడేళ్ల వయసులో ఆటిజం అనుకున్నది తరువాత వినికిడి లోపంగానో, మాట ఆలస్యంగానో తేలిన సందర్భాలు ఉంటాయి. తొందరపడి జీవితకాలపు ముద్ర వేయరాదు. కాని పన్నెండేళ్లు వచ్చి, రెండుసార్లు బోర్డు చూసి, తీవ్ర స్థాయి అని తేల్చిన పిల్లవానిని మూడవసారి వరుసలో నిలబెట్టడంలో వైద్యం ఏమీ లేదు. అది లెక్కల శాఖ పని. డొనాల్డ్ వలె బ్యాంకులో ఉద్యోగం చేసినవారికి కూడ ఆటిజం పోలేదు కదా.

లెక్కల శాఖ ఎందుకు వచ్చినదో కూడ చెప్పాలి. సదరం విధానం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చినది. అప్పటి వికలాంగ పింఛను 500 రూపాయలు. తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా పథకం దానిని 1,500 చేసినది; 2019లో 3,016, 2023లో 4,016 అయినది. మొత్తం పెరిగిన కొద్దీ దొంగ ధ్రువపత్రాల బెడద పెరిగినది, దానితో అనుమానమూ పెరిగినది. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో 2025లో వికలాంగ పింఛన్ల పునఃపరిశీలన జరిపి నోటీసులు ఇచ్చినప్పుడు ఎంత కలవరం పుట్టినదో పత్రికలలో చూసినాము. మోసగాళ్లను పట్టవలసినదే. అయితే కాలు బాగుండి కుంటినట్లు నటించిన వాని కోసం అల్లిన వల, నటించడమే తెలియని పిల్లవాని మీద పడుతున్నది.

2025లో తెలంగాణ సదరం స్థానంలో కేంద్రపు యూడీఐడీ విధానానికి మారినది. దరఖాస్తు స్వావలంబన్ పోర్టల్‌లో చేయాలి. 40 శాతం నుంచి 80 లోపు పసుపు కార్డు, 80 ఆపైన నీలం కార్డు. ధ్రువపత్రం నెలలోపు ఇవ్వాలని 2017 నిబంధనలు చెప్పగా, 2024 అక్టోబరు సవరణ దానిని మూడు నెలలకు పెంచినది. అంటే గడువు తీరిన తరువాత మేలుకుంటే మధ్యలో ఖాళీ తప్పదు. కనీసం నాలుగు నెలల ముందే దరఖాస్తు పెట్టండి. రసీదు జిరాక్సు దాచుకోండి.

చిట్కుల్ చుట్టుపక్కల కుటుంబాలకు ఇంకొక చిక్కు ఉన్నది. షిఫ్టు పనివానికి సంగారెడ్డికి పోవడమంటే ఒక రోజు కూలి పోవడం. సైకాలజిస్టు ఆ రోజు లేకపోతే రెండు రోజులు. ఒడిశా, బీహారు నుంచి వచ్చి ఇక్కడ కిరాయికి ఉంటున్నవారు తమ రాష్ట్రపు ధ్రువపత్రం ఇక్కడ చెల్లదనుకుంటారు. అది పొరపాటు. 2016 చట్టంలోని 58వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది. పింఛను మాత్రం రాష్ట్రం ఇచ్చేది కనుక దానికి వేరే షరతులు ఉంటాయి.

బోర్డు నిర్ణయం తప్పనిపిస్తే 59వ సెక్షను కింద అప్పీలు చేసుకొనే హక్కు మీకున్నది. అప్పీలు చేసేటప్పుడు పాత, కొత్త ఐసా మార్కులు రెండూ పక్కపక్కన పెట్టి, ఏ విభాగంలో ఎందుకు తేడా వచ్చినదో అడగండి. "అన్యాయం జరిగినది" అన్న మాట కంటె "మాట విభాగంలో 28 ఉన్నది 14 ఎట్లా అయినది?" అన్న ప్రశ్నకు బోర్డు జవాబు చెప్పక తప్పదు.

బిడ్డకు 17 దాటినదంటే ఇంకొక పని కూడ మొదలుపెట్టండి. 18 నిండిన రోజు నుంచి తల్లిదండ్రులు చట్టరీత్యా తమంతట తామే సంరక్షకులు కారు. బ్యాంకు ఖాతా దగ్గర ఈ సంగతి బయటపడుతుంది. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన జిల్లా స్థానిక కమిటీ ఉంటుంది. సంరక్షకత్వం కోసం అక్కడ దరఖాస్తు చేయాలి, దానికి చెల్లుబాటులో ఉన్న ధ్రువపత్రం జతపరచాలి.