ఉగాది కానుక — ఉక్కుకత్తి

ఉగాదినాడు పచ్చడికై మామిడికాయ తరుగని తెలుగిల్లు లేదు. తమకలో కాపురములు పెట్టిన మాకును ఆ ఆచారము తప్పలేదు. శ్రీనివాసపురపు మామిడితోటలు మాకు చేరువనే యున్నవి. స్వగ్రామమునకు పోయినవారు కమ్మరి కొట్టిన కత్తిపీటనో, ఆవకాయ కత్తినో తెచ్చి, క్రొత్తగా కాపురము పెట్టినవారికి కానుకగా నిచ్చుటయు మాలో కలదు. అయితే ఆ మూటను నెల దినములుంచి విప్పునప్పటికి కత్తికి ఎఱ్ఱని త్రుప్పు పట్టియుండుటయు మేమెఱుగుదుము. ఇది చిన్న విషయముగనే తోచును గాని, దీని వెనుక పెద్ద చరిత్ర యున్నది.

ఉక్కు అను మాట తెలుగునకును కన్నడమునకును ఉమ్మడి సొత్తు. ఆంగ్లేయులు దానినే 'వూట్జ్' అని వ్రాసికొనిరి. 1795లో జార్జి పియర్సన్ ఈ ఉక్కును పరీక్షించి లండను రాయల్ సొసైటీకి వ్యాసము సమర్పించెను. 1800లో ఫ్రాన్సిస్ బుకానన్ అను వైద్యుడు మద్రాసునుండి బేతమంగళము మీదుగా మైసూరు సీమలో ప్రవేశించి, అక్కడి ఉక్కు కొలుములను చూచి వర్ణించెను. ఇనుపముక్కను, తంగేడుకట్టెను, పచ్చి ఆకులను మట్టిమూసలో నుంచి, మూతిని మట్టితో మూసి, కొలిమిలో గట్టిగా కాల్చెడివారు. కట్టెలోని కర్బనము ఇనుములో కలిసి ఉక్కయ్యెడిది. తెలంగాణములోని కోనసముద్రము ఉక్కుకై పారశీక వర్తకులు వచ్చెడివారు. డమాస్కసు కత్తులని లోకము మెచ్చిన వానికి ఇట్టి ఉక్కే మూలము.

మా జిల్లాలోని బంగారు గనుల కథయు ఉక్కుతో ముడిపడినదే. 1880లో జాన్ టెయిలర్ కంపెనీవారు వచ్చిన పిదప తెలుగువారును తమిళులును వేలకొలది అచ్చట పనిలో కుదిరిరి. బంగారమునకు త్రుప్పు లేదు. కాని బంగారము రాతిని తొలువజాలదు. ఆ పని త్రుప్పుపట్టు ఉక్కు ఉలులే చేసినవి. 2001లో గనులు మూతపడినవి.

మన ఉక్కును అనుకరింపగోరియే స్టోడార్టు, ఫారడేలు 1820 ప్రాంతమున మిశ్రలోహములపై ప్రయోగములు చేసిరి. 1913లో షెఫీల్డులో హారీ బ్రియర్లీ క్రోమియము కలిపి త్రుప్పుపట్టని ఉక్కును చేసెను. అట్టి ఉక్కులో క్రోమియము నూటికి పదిన్నర పాళ్లకు తక్కువ యుండదు. కమ్మరి కత్తిలో అది లేదు. కనుక తేమయు గాలియు తగిలినచో త్రుప్పు తప్పదు. చేతిచెమటలోని ఉప్పు దానిని త్వరపెట్టును.

కావున కానుక ఇచ్చువారు కత్తిని కడిగి, పొడిబట్టతో తుడిచి, కొంతసేపు ఎండనుంచి పూర్తిగా ఆరనీయవలెను. తరువాత అలుగును వ్రేళ్లతో తాకక, ఆముదమునో కొబ్బరినూనెనో గుడ్డతో పలుచగా పూయవలెను. అవిసెనూనె పనికిరాదు; అది ఎండి జిగురగును. పిమ్మట మైనపు కాగితములోనో, పొడి నూలుగుడ్డలోనో చుట్టవలెను. తోలు ఒరలో చాలకాల ముంచరాదు. తోలు తేమను పట్టియుంచును.

పుచ్చుకొన్నవారికిని ఒక మాట చెప్పవలెను. మామిడి పులుపు తగిలి అలుగు నల్లబడినచో భయపడ పనిలేదు. ఆ నలుపు కొంత కాపాడును గూడ. ఎఱ్ఱని త్రుప్పును మాత్రము వెంటనే తోమి తీసివేయవలెను. కోసిన వెంటనే కడిగి తుడువవలెను, నీటిలో నాననీయరాదు.

మూసలో ఉక్కు చేయు విద్య తండ్రినుండి కొడుకునకు చేతిమీదుగా వచ్చెడిది. పరదేశపు ఉక్కు చౌకగా దిగుమతియై, కొలుములు చల్లారినపుడు ఆ చేతులును ఆగిపోయెను. చేయు విద్య పోయినను, కాపాడు విద్య ఇంకను మన వంటయిండ్లలో నున్నది. మాట లేక కత్తి నొక్కదానినే ఇచ్చినచో అదియు పోవును. కత్తిని చేతికి చేయి ఈయరాదని పెద్దలు క్రింద పెట్టించెదరు. అటులనే పెట్టుదము, కాని దాని సంరక్షణమును మాత్రము ప్రక్కన కూర్చుండి, నోట చెప్పియే ఇత్తము.