నీట మునగని జలాంతర్గామి: ‘ఘాజీ’ చిత్రం సెట్టు, చారిత్రక స్మృతి

1. ప్రవేశిక

అనకాపల్లి జిల్లా రాంబిల్లి తీరంలో భారత నౌకాదళం జలాంతర్గాముల కోసం ఒక స్థావరాన్ని నిర్మిస్తున్నది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో భాగం. జలాంతర్గామి అనే మాట ఈ తీరవాసులకు కొత్తది కాకపోయినా, దాని లోపలి రూపం సామాన్యులకు అందుబాటులో లేనిది. ఆ రూపాన్ని తెలుగువారికి చేరువ చేసినవాటిలో రెండు ముఖ్యమైనవి. ఒకటి విశాఖ సాగరతీరంలో ప్రదర్శనశాలగా మారిన ‘కురుసుర’. రెండవది 2017 ఫిబ్రవరి 17న విడుదలైన ‘ఘాజీ’ చిత్రం కోసం హైదరాబాదులో వేసిన సెట్టు. మొదటిది ఒడ్డుకు చేరిన నిజమైన నౌక. రెండవది సముద్రాన్ని ఎన్నడూ చూడని నౌక. ఆ రెండవ నౌక నేపథ్యాన్ని, 1971 నాటి ఘటనకు సంబంధించిన ప్రజాస్మృతిలో దాని స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. మూలం: కురుసుర

సోవియట్ నిర్మితమైన కురుసుర 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27న విరమించింది. దాదాపు 91 మీటర్ల పొడవున్న ఈ నౌకను ఇసుక తీరంపైకి చేర్చి, 2002 ఆగస్టులో ప్రజల సందర్శనకు తెరిచారు. టార్పెడో గొట్టాలు, ఇరుకైన నడవ, ఒక గది నుంచి మరొక గదికి వంగి దాటవలసిన గుండ్రని ద్వారాలు, ఒకదానిపై ఒకటిగా అమర్చిన పడకలు అక్కడ యథాతథంగా కనిపిస్తాయి. దర్శకుడు సంకల్ప్ రెడ్డికి ‘ఘాజీ’ ఆలోచన ఈ నౌకను చూసినప్పుడే కలిగింది. తొలుత ఆయన అంతర్జాలంలో విడుదల చేయదగిన చిన్న చిత్రంగా దీనిని తలపెట్టి, సొంత వనరులతో సెట్టు పని ఆరంభించారు. తరువాత పీవీపీ సినిమా, మ్యాటినీ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థలు చేపట్టడంతో అది తెలుగు, హిందీ భాషల్లో పూర్తి నిడివి చిత్రంగా రూపొందింది.

3. సెట్టు స్వభావం

జలాంతర్గామి నిర్మాతకూ సెట్టు నిర్మాతకూ ఎదురయ్యే సమస్యలు పరస్పర విరుద్ధమైనవి. మొదటివాడు నీటి ఒత్తిడిని తట్టుకొనే పొట్టును నిర్మించాలి. రెండవవాడు కెమెరాకూ దీపాలకూ చోటు కల్పిస్తూనే ఇరుకుదనాన్ని చూపాలి. సెట్టుకు బయటి రూపం ఉండనక్కరలేదు. ‘ఘాజీ’లో సముద్రగర్భ దృశ్యాలకు గ్రాఫిక్స్ ఆధారమయ్యాయి. కథ బరువంతా నియంత్రణ గది, పెరిస్కోపు, కవాటాలు, కొలమానాల మధ్యనే నడిచింది. అందుచేత ప్రేక్షకుని నమ్మకం ఈ లోపలి వస్తువుల యథార్థతపైనే నిలిచింది.

4. 1971: ఘటన, కథ

పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ నిజానికి ‘డయాబ్లో’ పేరుతో 1945లో అమెరికా నౌకాదళంలో చేరిన నౌక. 1964లో అది పాకిస్తాన్‌కు దక్కింది. 1971 నవంబరులో కరాచీ నుంచి బయలుదేరి, విమానవాహక నౌక విక్రాంత్‌ను వెదుకుతూ బంగాళాఖాతంలోకి వచ్చింది. అప్పటికే విక్రాంత్‌ను అండమాన్ వైపు తరలించారు. డిసెంబరు 3-4 తేదీల రాత్రి విశాఖ రేవు సమీపంలో ఘాజీ 90 మందికి పైగా సిబ్బందితో మునిగిపోయింది. డిస్ట్రాయరు రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలే కారణమని భారత కథనం. ప్రమాదవశాత్తు జరిగిన పేలుడు అని పాకిస్తాన్ కథనం. ఈ వివాదం నేటికీ తేలలేదు.

చిత్రంలో ఈ అనిశ్చితి కనిపించదు. అక్కడ ఘాజీని ఎదుర్కొన్నది ఎస్-21 అనే భారత జలాంతర్గామి. సముద్రగర్భంలో రెండింటికీ ముఖాముఖి పోరు జరుగుతుంది. ఇది కల్పన. అయితే ఆ కల్పన ఎంతో నిజంలా కనిపించే గదుల్లో జరుగుతుంది. ఒక కవాటం అచ్చంగా ఉన్నందున దానిని తిప్పిన చేయి కూడా చరిత్రదేనన్న భ్రమ కలుగుతుంది. వస్తువు సాధించిన విశ్వసనీయత కథకు సంక్రమించింది. 65వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపిక కావడంతో దాని వ్యాప్తి మరింత పెరిగింది.

5. ముగింపు

చారిత్రక చిత్రాలలో వస్తుసత్యాన్నీ ఘటనాసత్యాన్నీ వేరువేరుగా పరీక్షించవలసి ఉంటుంది. ‘ఘాజీ’ సెట్టు మొదటి పరీక్షలో నిలుస్తుంది; జలాంతర్గామిలోని జీవితం ఎంత ఇరుకైనదో, అక్కడ ఒక ఆజ్ఞకు ఎంత విలువ ఉంటుందో అది తెలియజెప్పింది. రెండవ పరీక్షకు కథ నిలువదు. సెట్టు కల్పించిన పోరాటం ప్రేక్షకుల మనసులో మిగిలింది. నౌకతోపాటు మునిగినవారి మరణకారణం మాత్రం విశాఖ రేవు చెంత శిథిలాలలో వివాదంగానే ఉండిపోయింది. రాంబిల్లిలో స్థావరం రూపుదిద్దుకొంటున్న ఈ తీరంలో ఆ తేడాను గుర్తుంచుకోవడం చరిత్ర అధ్యయనానికి అవసరం.