ప్రశ్నోత్తర శీర్షికలు - సాంఘిక చరిత్ర

సాంఘిక చరిత్రకు శాసనములు, కైఫీయతులు మాత్రమే కాక వారపత్రికలలోని ప్రశ్నోత్తర శీర్షికలును ఆధారములని మా యభిప్రాయము. ఆంధ్రప్రభ సచిత్ర వారపత్రికలో 1952 నుండి శ్రీమతి మాలతీ చందూర్ నాలుగు దశాబ్దములకు పైగా నిర్వహించిన ‘ప్రమదావనం’ ఇందుకు నిదర్శనము. వంట మొదలుకొని దాంపత్యము వరకు పాఠకులు ఆమెను సలహా యడిగిరి.

1956 నాటి హిందూ వారసత్వ చట్టము, వీలునామా లేక మరణించిన తండ్రి స్వార్జితమున కుమార్తెకును కుమారునితో సమానభాగ మిచ్చెను. పుట్టింటి రాకపోకలు చెడకుండ ఆ భాగము నడుగుట యెట్లో చట్టము చెప్పదు. ఇట్టి సంకటములను ఇంట చెప్పుకొనలేనివారికి పత్రికయే దిక్కైనది.

అయితే అచ్చయినవి ఏరిన లేఖలే. అచ్చుకానివారి గోడు అందు కానరాదు. కావున పరిశోధకులు ప్రశ్నను, సమాధానమును, ఆనాటి చట్టమును కలిపి పరిశీలింపవలయునని మా మనవి.